కాగే డ్రమ్ము – కారే కుళాయి

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థిని, కొల్లూరు)

మాది కొల్లూరు అనగానే హాస్టల్లో ఎవరో ఒకరు "అయితే మీ ఇంట్లో ఒక కోహినూరన్నా ఉండాలే!" అంటారు. ఆ వజ్రాల కొల్లూరు వేరు. అది పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ అడుగున ఉంది. మా కొల్లూరు అదే కృష్ణమ్మ సముద్రంలో కలవబోయే ముందు, తెనాలి, రేపల్లెల చేరువలో, లంకల పక్కన ఉంది. నిన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. మా నేలలో వజ్రాలు దొరకవు. పసుపు పండుతుంది. ఇటు మా ఊళ్ళలోనూ, అటు పెసర్లంక, పోతార్లంకల్లోనూ రైతు అప్పు తీరాలన్నా, ఆడపిల్ల చదువు సాగాలన్నా ఆ పసుపే దిక్కు. నా చదువు కూడా అలా సాగుతున్నదే.

నేను రచయిత్రిని కాను. సావనీరుకు ఏదైనా వ్రాయమని మన యూనియన్ వారు అడిగితే కవిత్వం చేతకాక, మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతిని, దాని వెనకనున్న భౌతికశాస్త్రాన్ని వ్రాస్తున్నాను. ఆ సంగతి ఒక కారే కుళాయి. "కుళాయి కారితే కూడా వ్యాసమా?" అని నవ్వకండి. ఆ కుళాయి మా నాన్న కాలు కాల్చింది. ఒక లాటు పసుపు ధర తగ్గించింది. మూడేళ్ళుగా నేను చదివిన చదువు ఎందుకని నన్ను నిలదీసింది.

పసుపు వంట

పసుపు తవ్వగానే అమ్మేది కాదు. కొమ్ములూ కాయలూ వేరుచేసి, రెండు మూడు రోజుల్లోపే నీళ్ళలో ఉడకబెట్టాలి. దీన్నే మేము పసుపు వండటం అంటాం. పాత రోజుల్లో రాగి బానలుండేవి. తరవాత ఇనప డ్రమ్ములు వచ్చాయి. ఇప్పుడు ఆవిరితో ఉడికించే యంత్రాలు కూడా అద్దెకు వస్తున్నాయి. మాబోటి చిన్న రైతులకు మాత్రం ఇంకా గాడిపొయ్యి, డ్రమ్మే గతి.

దుంపలు మునిగేలా నీళ్ళు పోసి, పైన పసుపాకు కప్పి, ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడకనివ్వాలి. నురుగు పొంగి, తెల్లని ఆవిరితో పాటు కమ్మని పసుపు వాసన వస్తే దించే వేళయినట్లు. వేలితో నొక్కితే మెత్తబడాలి, చీపురుపుల్ల గుచ్చితే దిగాలి. ఉడికినప్పుడు దుంపలోని పిండిపదార్థం జిగురుగా మారి, రంగు లోపలంతా సమంగా పరుచుకుంటుంది. పచ్చివాసన పోతుంది. ఎండటానికి పట్టే రోజులు తగ్గుతాయి. ఉడుకు చాలకపోతే ఇవేవీ జరగవు. ఎక్కువైతే రంగు చెడుతుంది. బేరానికి వచ్చినవాడు కొమ్ము విరిచి చూసేది అందుకే. బాగా ఉడికి బాగా ఎండిన కొమ్ము లోహంలాగా టక్కుమని మోగుతుంది.

రెండు మూడు వాయలయ్యాక అడుగున మట్టినీళ్ళు మిగులుతాయి. వాటిని చేదతో తోడటం కష్టమని నాన్న డ్రమ్ము అడుగున, పక్కగా, అరంగుళం ఇత్తడి కుళాయి పెట్టించాడు. ఆలోచన మంచిదే. బెజ్జం మాత్రం గ్యాసుమంటతో కోయించారు. అది గుండ్రంగా రాలేదు. లోపలి వైపు సైకిల్ ట్యూబు కత్తిరించి వాషరుగా వేసి నట్టు బిగించారు. చన్నీళ్ళు పోసి చూస్తే చుక్క రాలేదు. అందరూ సంతోషించారు.

పోయిన మాఘంలో మొదటి వాయ కాగేసరికి కుళాయి మొదట్లో ధార మొదలైంది. కింద చెంబు పెడితే రెండు నిమిషాల్లో అరలీటరు. నాన్న పానా తెచ్చి బిగించాడు. తగ్గలేదు. పానాకు ఇనప గొట్టం తొడిగి ఇంకా బలంగా తిప్పాడు. లోపలి ట్యూబు ముక్క వేడికి మెత్తబడి ఉందేమో, ఒక్కసారిగా పక్కకు జారిపోయింది. మరుగునీళ్ళు చిమ్మి ఎడమ పాదం మీద పడ్డాయి.

అమ్మ పరుగెత్తుకొచ్చి బోరు నీళ్ళ కింద కాలు పెట్టించింది. ఎవరో పేస్టు తెచ్చారు, ఇంకెవరో సిరా అన్నారు. నేను రాయనివ్వలేదు. కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు చన్నీళ్ళు పారించి, శుభ్రమైన పొడిగుడ్డ కప్పి డాక్టరు దగ్గరకు తీసికెళ్ళాలి. అదే చేశాం. మూడు వారాలు నాన్న చేలోకి దిగలేదు. ఆ రోజు వాయ సగం ఉడికింది. ఆ లాటు అమ్మకానికి పెడితే వచ్చినాయన నాలుగు కొమ్ములు విరిచి, ఏమీ అనకుండా పక్కన పెట్టి, ధర తగ్గించి చెప్పాడు. నాన్న కూడా ఏమీ అనలేదు. నాకు ఆ మౌనమే ఎక్కువ బాధ కలిగించింది.

చుక్కల లెక్క

ఆ రాత్రి కాగితం తీసికొని కూర్చున్నాను. రెండు నిమిషాలకు అరలీటరంటే గంటకు 15 లీటర్లు. రెండొందల లీటర్ల డ్రమ్ము అడ్డుకొలత సుమారు 57 సెంటీమీటర్లు. ఖాళీ డ్రమ్ములో 15 లీటర్లు పోతే నీటిమట్టం సుమారు 6 సెంటీమీటర్లు దిగుతుంది. కాని డ్రమ్ములో సగం చోటు దుంపలదే. కావున మట్టం దాదాపు 12 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే పైనున్న జానెడు పొరలో సగానికి పైగా నీళ్ళు లేకుండా బయటపడుతుంది. అడుగున ఉన్నవి మెత్తబడతాయి, పైనున్నవి పచ్చిగా మిగులుతాయి.

"చన్నీళ్ళు కలుపుకుంటే పోలా?" అనవచ్చు. 15 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే సుమారు 4,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. గాడిపొయ్యిలో కట్టెల వేడిలో పదోవంతు నీటికి అందిందనుకుంటే, అది మూడు కిలోల ఎండుకట్టెల లెక్క. పైగా చన్నీళ్ళు పోసినప్పుడల్లా ఉడుకు ఆగుతుంది. ఎంతసేపు ఉడికిందో లెక్క తప్పుతుంది. కారిన నీళ్ళు పొయ్యిలోకి జారి మంటను కూడా ఆర్పుతాయి.

బిగిస్తే ఎందుకు ఆగలేదు?

మనలో చాలామంది లీకు అంటే "బిగువు చాలలేదు" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కాని లెక్క వేస్తే డ్రమ్ము అడుగున నీటి ఒత్తిడి ఎంత? పది మీటర్ల ఎత్తు నీరుంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. మా డ్రమ్ములో నీటి ఎత్తు 70 సెంటీమీటర్లు. అంటే 0.07 కిలో మాత్రమే. మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే కుళాయికి ఇంతకు ఎన్నో రెట్లు ఒత్తిడి ఉంటుంది, అయినా కారదు. కాబట్టి లోపం బలంలో లేదు. నీటికి దారి ఎక్కడో తెరిచి ఉంది. ఆ దారి వెతకాలి.

డ్రమ్ము గోడకు బెజ్జం చేసి కుళాయి తొడిగినప్పుడు నీటికి రెండు దార్లుంటాయి. ఒకటి, గోడకూ వాషరుకూ మధ్య నుంచి. రెండు, నట్టు లోపల మరచుట్ల వెంబడి మెట్లు దిగినట్టు తిరుగుతూ. మేము ట్యూబు ముక్కను లోపల నట్టు కింద వేశాం. అది మొదటి దారిని మూసింది. రెండో దారి అలాగే ఉంది. నీళ్ళు నట్టు మరల్లోంచి బెజ్జంలోకి దిగి, అక్కడినుంచి బయటికి వచ్చాయి. బయట ఉన్నది ఉత్త ఇనప వాషరు. అది నీటిని ఆపదు.

అదే మెత్తని వాషరును బయట, కుళాయి భుజానికీ డ్రమ్ము గోడకూ మధ్య వేస్తే? కుళాయి భుజం, మర ఒకే ముక్క. వాటి మధ్య సందు లేదు. నీరు ఏ దారిన వచ్చినా చివరికి ఆ వాషరు దగ్గరకే రావాలి. ఒక్క తలుపు మూస్తే రెండు దార్లూ మూతపడతాయి. ఈ చిన్న సంగతి తెలియక మేము పానాకు గొట్టం తొడిగాం.

ఇంకో రెండు కారణాలు కూడా కనబడ్డాయి. డ్రమ్ము గోడ వంపుగా ఉంటుంది, వాషరు చదునుగా ఉంటుంది. మూడున్నర సెంటీమీటర్ల వాషరును ఆ వంపు మీద పెడితే అంచుల దగ్గర అర మిల్లీమీటరు సందు మిగులుతుంది. నీటికి అది రాజమార్గం. ఇక చన్నీళ్ళకు కారనిది వేన్నీళ్ళకు ఎందుకు కారింది? నీటి చిక్కదనం 30 డిగ్రీల దగ్గర ఉన్నదానిలో 100 డిగ్రీల దగ్గర మూడోవంతుకు కాస్త ఎక్కువే మిగులుతుంది. సన్నని సందులోంచి ద్రవం పారే వేగం చిక్కదనానికి విలోమంగా ఉంటుందని ప్వాజేయి సూత్రం మనం చదివిందే గదా. అదే సందులోంచి మరుగునీరు దాదాపు మూడు రెట్లు వేగంగా పోతుంది. దానికి తోడు ట్యూబు రబ్బరు వేడికి మెత్తబడుతుంది. అందుకే చన్నీళ్ళ పరీక్షను నమ్మకూడదు.

అమ్మ చెప్పిన పరీక్ష

దారి ఎక్కడుందో కంటికి కనబడేదెలా? తడి అంతటా పాకి ఉంటుంది. నేను దీని గురించే తల పట్టుకుని కూర్చుంటే, అమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ "పసుపుకి సున్నం తగిలితే ఎర్రగా తెలుస్తుందిగా, దానికంత చదువెందుకే?" అన్నది. పారాణి కలిపే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతి. పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. లేబొరేటరీలో పసుపు కాగితం సూచిక అదే. మూడేళ్ళు చదివిన నాకు అది గాజుసీసాలోనే గుర్తుంది, అమ్మకు అరచేతిలో గుర్తుంది.

డ్రమ్ములో సున్నపు తేట పోశాను. కుళాయి చుట్టూ, దాని పిడి మొదట్లో, డ్రమ్ము అతుకు పొడవునా పసుపు నీళ్ళలో ముంచి పిండిన తెల్లగుడ్డ పీలికలు అంటించాను. పావుగంటలో కుళాయి నట్టు దగ్గరి పీలిక మీద ఎర్రచార లేచింది. అతుకు దగ్గర పీలిక పచ్చగానే ఉంది. పిడి దగ్గర కూడా పచ్చగానే ఉంది. అంటే డ్రమ్ము మంచిదే, కుళాయీ మంచిదే. జోడింపు ఒక్కటే చెడ్డది. ఈ పరీక్ష ఇనప డ్రమ్ముకు మాత్రమే చేయాలి. అల్యూమినియం పాత్రను సున్నం తినేస్తుంది. సున్నపు తేట కళ్ళలో పడకుండా చూసుకోవాలి. అయ్యాక డ్రమ్మును మంచినీళ్ళతో రెండు మూడుసార్లు కడగాలి.

బాగు చేసిన పద్ధతి

మొదట డ్రమ్ము పూర్తిగా చల్లారాక నీళ్ళు తీసేశాం. వేడిగా ఉన్నప్పుడు పానా ముట్టరాదు. ఇది నాన్న కాలు నేర్పిన పాఠం.

రెండవది, బెజ్జం. "అరంగుళం" అన్నది పైపు లోపలి కొలతకు వచ్చిన పేరు. మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు. ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన మర ఆకారమే మన పైపు మరలకు నేటికీ ఆధారం. అరంగుళం పైపుకు అంగుళానికి 14 చుట్లు. బెజ్జం ఈ కొలతకు ఒక మిల్లీమీటరుకు మించి ఎక్కువ ఉండకూడదు. మా పాత బెజ్జం కోడిగుడ్డులా ఉండటాన దాన్ని వెల్డింగు షాపులో మూయించి, పక్కన కొత్తది డ్రిల్లుతో వేయించాం. అంచుల గరుకును ఆకురాయితో తీశాం.

మూడవది, వంపు. లోపల చెక్కదిమ్మె ఆనించి, బయట కర్రసుత్తితో నెమ్మదిగా కొట్టి, అరచేయంత మేర చదును చేశాం. తుప్పు, పాత లప్పం గీకి శుభ్రం చేశాం.

నాలుగవది, వాషరు. ట్యూబు రబ్బరు వద్దు. సిలికాను రబ్బరు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మూడు మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకున్నాం. వరస ఇది: బయట కుళాయి భుజం, దానికి ఆనుకొని సిలికాను వాషరు, తరవాత డ్రమ్ము గోడ, లోపల వెడల్పాటి స్టీలు వాషరు, దాని మీద నట్టు. మరకు తెల్లటేపు కూడా నాలుగు చుట్లు చుట్టాం. మర కొన మనవైపు పెట్టుకొని చూస్తే గడియారపు ముల్లు తిరిగే వైపుకే చుట్టాలి. లేకపోతే నట్టు ఎక్కిస్తుంటే టేపు ఊడివస్తుంది. ఈ టేపు పదార్థాన్ని 1938లో ప్లంకెట్ అనే అమెరికన్ రసాయనవేత్త వేరే పరిశోధన చేస్తూ అనుకోకుండా కనుగొన్నాడు. అది మరుగునీటికి చలించదు. అయితే టేపు సాయం మాత్రమే. పని చేసేది వాషరే.

ఐదవది, బిగింపు. బయట కుళాయిని ఒక పానాతో కదలకుండా పట్టుకొని లోపలి నట్టునే తిప్పాలి. కుళాయిని తిప్పితే వాషరు మెలిపడుతుంది. చేత్తో బిగిసినంత బిగించి, పానాతో అర చుట్టు తిప్పితే చాలు. వాషరు అంచులు బయటికి ఉబ్బాయంటే ఎక్కువైనట్టే. రబ్బరు నలిగితే మళ్ళీ కోలుకోదు.

ఆరవది, మంట. వాషరు బయట ఉంది కాబట్టి దానికి సెగ తగలకూడదు. కుళాయిని పొయ్యి నోటికి ఎదురుగా కాక వెనక వైపుకు తిప్పి, దాని ముందు మట్టిగోడ కట్టాం.

చివరగా మరుగునీళ్ళతో అరగంట పరీక్ష. పూర్తిగా చల్లారాక నట్టు కొంచెం వదులైంది. ఇత్తడి, ఇనుము, రబ్బరు వేడికి ఒక్కలా వ్యాకోచించవు గదా. ఇంకో పావు చుట్టు బిగించాం. రెండోసారి కాచినప్పుడు చుక్క రాలేదు.

రెండు హెచ్చరికలు

పురుగుమందులో రసాయనాలో వచ్చిన పాత డ్రమ్ములు పసుపు వంటకు వాడకండి. నూనె, పెట్రోలు డ్రమ్మును కడగకుండా మంటతో కోయించకండి. లోపలి ఆవిర్లు అంటుకొని పేలే ప్రమాదం ఉంది.

రెండోది ఆవిరి యంత్రాల గురించి. మేము చేసిన ఈ చేతిపని పైన తెరిచి ఉండే డ్రమ్ముకే. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు చోటు అడుగుతుంది. మూత బిగించిన డ్రమ్ములో ఆ ఆవిరికి దారి లేకపోతే అదే బాంబు. అక్కడ లీకు కనబడితే మంట తీసి, ఒత్తిడి పూర్తిగా దిగేదాకా ఆగి, తెలిసిన మేస్త్రీకే చూపించాలి. ఆవిరి బయటికి పోయే సేఫ్టీ వాల్వును "కారుతోంది" అని ఎన్నడూ మూయరాదు. కొన్ని లీకులు ప్రాణం కాపాడటానికే ఉంటాయి.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవటానికి అక్కడి కేంద్ర చట్టం 1978లో అనుమతించింది. వాళ్ళు కాచే పాత్రలకూ అడుగున ఇలాంటి కుళాయే, అక్కడా ఇదే లీకు, ఇదే వాషరు తంటా. మన దగ్గర ఇంట్లో సారా కాయటం నేరం, మనకది అవసరమూ లేదు. నేను చెప్పేదేమంటే, మరిగేది బీరైనా పసుపైనా నీటి నడక ఒక్కటే. సూత్రానికి ఊరూ పేరూ లేవు.

ముగింపు

కుళాయి బిగించిన రోజు నాన్న కట్టు కట్టిన కాలితో మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. "అమ్మాయ్, ఇంకొంచెం బిగించరాదూ?" అన్నాడు. "వద్దు నాన్నా, చాలు" అన్నాను. నమ్మకం లేనట్టే చూశాడు. డ్రమ్ము కాగింది. గంటసేపు నాన్న చూపు నురుగు మీద లేదు, కుళాయి కింద నేల మీదే ఉంది. నేల పొడిగానే ఉంది. అప్పుడు చీపురుపుల్ల అడిగి తీసికొని, పై పొరలోని కొమ్ము ఒకటి గుచ్చి చూశాడు. దిగింది. "ఇది బాగా ఉడికింది" అన్నాడు. అంతే. నా మార్కుల కాగితం చూసినప్పుడు కూడా అంత తృప్తిగా ఆ మాట అనలేదు.

సోదర సోదరీ విద్యార్థులారా! మనలో ఎక్కువమంది పొలాల నుంచే వచ్చాం. ద్రవాల పీడనం, వ్యాకోచం, సూచికలు అని నోటుబుక్కుల్లో వ్రాసికొని పరీక్షలో అప్పగిస్తున్నాం. అవన్నీ మన ఇంటి పెరట్లో, నాన్న పొయ్యి దగ్గర, అమ్మ తమలపాకుల పెట్టెలో ఉన్నాయి. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి వంగి చూడండి. ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. వెంటనే పానా తీయకండి. ముందు నీరు ఏ దారిన వస్తున్నదో కనిపెట్టండి. ఈ వ్యాసం చదివి ఒక్క ఇంట్లో ఒక్క డ్రమ్ము కారటం ఆగినా, ఒక్క కాలు కాలకుండా ఉన్నా, నా శ్రమ ఫలించినట్టే.